ప్రీయాంప్ అసలు ఏం చేస్తుంది, మీకు కావాలో వద్దో ఎలా తేల్చుకోవాలి

సీడీ ప్లేయర్ వెనక ఉన్న రెండు సాకెట్ల నుంచి, రికార్డింగ్‌లో సౌండ్ గరిష్ఠ స్థాయికి చేరినప్పుడు, దాదాపు 2 వోల్టుల సిగ్నల్ వస్తుంది. డాక్‌లు (డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చే పెట్టెలు), స్ట్రీమర్లు కూడా ఎక్కువగా ఇదే లెక్కలో ఉంటాయి. ఈ 2 వోల్టుల్ని తిన్నగా తీసుకెళ్లి, స్పీకర్లని నడిపే పవర్ యాంప్‌కి తగిలించారనుకోండి. మామూలు పవర్ యాంప్ తనకి వచ్చిన సిగ్నల్‌ని సుమారు 28 రెట్లు పెంచుతుంది (స్పెక్స్‌లో 29 డెసిబెల్స్ అని రాసి ఉంటుంది), అంటే స్పీకర్ దగ్గరికి 56 వోల్టులు చేరాలి, 8 ఓమ్‌ల స్పీకర్‌లో అది దాదాపు 390 వాట్లు. అంత ఇచ్చే దమ్ము చాలా యాంప్‌లకి ఉండదు కాబట్టి క్లిప్ అయిపోతాయి, అంటే సిగ్నల్ శిఖరాలు తెగిపోతాయి, స్పీకర్లలో ట్రెబుల్ పలికే ట్వీటర్ కాలిపోయినా ఆశ్చర్యం లేదు. మరి ఇంట్లో కూర్చుని హాయిగా పాటలు వినడానికి ఎంత కావాలి? సగటున ఒక వాటు కూడా ఖర్చు కాదు. 8 ఓమ్‌ల స్పీకర్‌లో ఒక వాటు రావాలంటే 2.83 వోల్టులు చాలు, దానికోసం పవర్ యాంప్ ఇన్‌పుట్ దగ్గర ఉండాల్సింది 0.1 వోల్ట్ మాత్రమే.

అంటే మధ్యలో కూర్చున్న ప్రీయాంప్ మీరు పాట వింటున్నంతసేపూ చేస్తున్న పని, 2 వోల్టుల్ని ఇరవయ్యో వంతుకి తగ్గించడం. ఉన్న సోర్సుల్లో ఒకదాన్ని ఎంచుకోనివ్వడం, దాని సిగ్నల్‌ని మనకి కావలసినంతకి తగ్గించడం, అలా తగ్గిన సిగ్నల్‌ని కేబుల్ దాటించి పవర్ యాంప్ దాకా చెడకుండా చేర్చడం, ఈ మూడే దాని అసలు పనులు. పెంచే పని నిజంగా అవసరమయ్యేది టర్న్‌టేబుల్‌కే, దాని సంగతి కింద విడిగా చెప్తాను. 1982లో సీడీ రాకముందు ట్యూనర్లు, క్యాసెట్ డెక్‌లు వోల్టులో మూడో వంతో సగమో ఇచ్చేవి కాబట్టి అప్పటి ప్రీయాంప్‌లలో 15, 20 డెసిబెల్స్ గెయిన్, అంటే పెంపు, పెట్టడంలో అర్థం ఉండేది. సోర్సులు మారిపోయాయి, ఆ గెయిన్ మాత్రం చాలా డిజైన్లలో అలాగే ఉండిపోయింది. నాబ్ కాస్త తిప్పగానే గది దద్దరిల్లిపోయి, గడియారంలో తొమ్మిది గంటల స్థానం దాటి ఎప్పుడూ వెళ్లలేకపోతున్నారంటే కారణం ఎక్కువసార్లు ఇదే.

కాబట్టి ప్రీయాంప్ ఎంచుకునేటప్పుడు "ఎంత పెంచుతుంది" అని అడగడం మానేసి, ఎంత శుభ్రంగా తగ్గిస్తుంది, తగ్గించాక ఎంత ధీమాగా ముందుకి పంపిస్తుంది అని చూడాలి. మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీ దగ్గర ఏముందో చూడండి

మీది ఇంటిగ్రేటెడ్ యాంప్ అయితే ప్రీయాంప్, పవర్ యాంప్ రెండూ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. హోమ్ థియేటర్‌కి వాడే ఏవీ రిసీవర్ అయినా అంతే. వాల్యూమ్ నాబ్, ఇన్‌పుట్ సెలెక్టర్ ఉన్న పవర్డ్ స్పీకర్లు వాడుతున్నా లోపల ప్రీయాంప్ ఉన్నట్టే లెక్క. విడిగా ఇంకోటి కొని వీటి ముందు పెడితే ఒక వాల్యూమ్ కంట్రోల్ వెనక ఇంకో వాల్యూమ్ కంట్రోల్ వస్తుంది, దాని వల్ల నాయిస్ పెరిగే అవకాశం ఉందే తప్ప ఒరిగేది పెద్దగా ఏమీ ఉండదు.

ఒకసారి యాంప్ వెనక్కి వెళ్లి టార్చ్ వేసి చూడండి. కొన్ని ఇంటిగ్రేటెడ్ యాంప్‌లకి 'ప్రీ అవుట్', 'మెయిన్ ఇన్' అని రెండు జతల సాకెట్లు ఉంటాయి. పాత మోడళ్లలో అయితే ఆ రెండిటినీ కలుపుతూ యూ ఆకారంలో చిన్న లోహపు క్లిప్పులు కనిపిస్తాయి, వాటిని జంపర్లు అంటారు. అవి తీసేస్తే ప్రీయాంప్ భాగం, పవర్ యాంప్ భాగం విడిపోతాయి. అప్పుడు ప్రీ అవుట్ నుంచి కేబుల్ వేసి బయటి పవర్ యాంప్‌ని నడపొచ్చు, లేదా బయటి ప్రీయాంప్‌ని మెయిన్ ఇన్‌కి కలపొచ్చు. పాత యాంప్ తెచ్చుకుని స్పీకర్లలో సౌండే రావట్లేదని కంగారు పడేవాళ్లు ముందు ఆ క్లిప్పులు ఉన్నాయో లేదో చూసుకోవాలి, ఎవరో తీసి ఎక్కడో పెట్టేసి ఉంటారు.

మీరు వినేదంతా డిజిటలే అయి, డాక్‌కి వాల్యూమ్ కంట్రోల్ కూడా ఉంటే, దాన్ని నేరుగా పవర్ యాంప్‌కి కలిపేయొచ్చు. ఇది రాజీపడటం ఏమీ కాదు, మంచి పద్ధతే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: చాలా డాక్‌లలో అవుట్‌పుట్‌కి 'ఫిక్స్‌డ్', 'వేరియబుల్' అని రెండు సెట్టింగులు ఉంటాయి, ఫిక్స్‌డ్‌లో ఉంటే పూర్తి 2 వోల్టులూ వచ్చి పడతాయి. పవర్ యాంప్ ఆన్ చేయకముందే అది వేరియబుల్‌లో ఉందని, వాల్యూమ్ అడుగున ఉందని, కరెంటు పోయి వచ్చాక కూడా ఆ సెట్టింగ్ అలాగే నిలబడుతోందని చూసుకోండి.

విడి ప్రీయాంప్ నిజంగా కావలసింది ఎప్పుడంటే, పవర్ యాంప్ విడిగా ఉండి సోర్సులు రెండు మూడు ఉన్నప్పుడు, వాటిలో అనలాగ్‌వీ కలిసి ఉన్నప్పుడు, లేదా సోర్సులు ఒక మూల, పవర్ యాంప్ ఇంకో మూల ఉండి కేబుల్ పొడవుగా లాగాల్సి వచ్చినప్పుడు. ఇవేవీ లేకుండా "సౌండ్‌లో ఏదో వెలితిగా ఉంది" అని మాత్రమే అనిపిస్తుంటే, స్పీకర్లని గోడకి కాస్త దూరం జరిపి చూడండి, ఆ తర్వాత స్పీకర్ల గురించే ఆలోచించండి. డబ్బు మిగిలితే అప్పుడు ప్రీయాంప్. ఈ క్రమం మీద నాకు గట్టి నమ్మకం ఉంది.

టర్న్‌టేబుల్ ఉంటే లెక్క మారిపోతుంది

రికార్డు మీద సూది కదలికని కార్ట్రిడ్జ్ కరెంటుగా మారుస్తుంది, కానీ ఆ వచ్చేది చాలా చిన్నది. మూవింగ్ మ్యాగ్నెట్ రకం, అంటే ఎంఎం, 3 నుంచి 5 మిల్లీవోల్టులు ఇస్తుంది. మూవింగ్ కాయిల్, అంటే ఎంసీ, చాలా వాటిలో అరమిల్లీవోల్టు లోపే. సీడీ ప్లేయర్ ఇచ్చే 2 వోల్టుల పక్కన పెడితే ఎంఎం కార్ట్రిడ్జ్‌ది నాలుగు వందల్లో ఒక వంతు. ఇక్కడ మాత్రం పెంచక తప్పదు: ఎంఎంకి సుమారు 40 డెసిబెల్స్, అంటే వంద రెట్లు, ఎంసీకి 60 డెసిబెల్స్ దాకా, అంటే వెయ్యి రెట్లు. ఈ పని చేసేదాన్ని ఫోనో స్టేజ్ లేదా ఫోనో ప్రీయాంప్ అంటారు. ఇది లైన్ ప్రీయాంప్‌కి, అంటే ఇంతసేపూ మాట్లాడుకున్న మామూలు ప్రీయాంప్‌కి, బదులు వాడేది కాదు, దాని ముందు వచ్చేది. చాలామంది ఈ రెండిటినీ కలిపేసుకుని తప్పు పెట్టె కొనేస్తున్నారు.

ఫోనో స్టేజ్ పెంచడంతో పాటు ఇంకో పని చేస్తుంది, అది ఇంకా ముఖ్యం. రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. బేస్‌ని ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ ఊగి పక్క గాడి మీదకి వెళ్లిపోతుంది, లేదంటే గాళ్ల మధ్య ఎడం పెంచాలి, అప్పుడు రికార్డు మీద పట్టే పాటల నిడివి పడిపోతుంది. ట్రెబుల్ ఎందుకు పెంచుతారంటే, ప్లే చేసేటప్పుడు దాన్ని మళ్లీ తగ్గించినప్పుడు రికార్డు ఉపరితలం మీది చిటపటలు, సరసరలు కూడా దాంతోపాటే తగ్గిపోతాయి. ప్లే చేసే వైపు దీన్నంతా తిరగేయాలి కదా, 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్ పైచిలుకు పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. 1954 ముందు రికార్డు కంపెనీలు తలో లెక్క వాడేవి కాబట్టి అప్పటి ప్రీయాంప్‌ల మీద ఈ సర్దుబాటుకే విడిగా స్విచ్‌లు ఉండేవి. 1954లో ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) ప్రమాణం వచ్చాక అందరూ మెల్లగా ఆ ఒక్క వంపుకే వచ్చారు.

ఇది తెలిస్తే రెండు రోగాలు వినగానే పట్టేయొచ్చు. టర్న్‌టేబుల్ సౌండ్ వాల్యూమ్ పూర్తిగా పెంచినా సన్నగా, దూరంగా, బేస్ అన్నదే లేకుండా కీచుగా వినిపిస్తే, ఫోనో స్టేజ్ లేకుండా లైన్ ఇన్‌పుట్‌కి తగిలించారన్నమాట. అలా కాకుండా బొబ్బరిస్తూ, బేస్ ముద్దగా, గొంతులు చిరిగిపోయినట్టు వస్తే, ఒక ఫోనో స్టేజ్ వెనక ఇంకోటి పడింది. ఈ రెండోది ఈ మధ్య ఎక్కువ కనిపిస్తోంది, ఎందుకంటే చాలా కొత్త టర్న్‌టేబుల్స్‌లోనే ఫోనో స్టేజ్ పెట్టి ఇస్తున్నారు. టర్న్‌టేబుల్ వెనక, ఒక్కోసారి ప్లాటర్ తీస్తే దాని కింద, 'ఫోనో / లైన్' అని చిన్న స్విచ్ ఉంటుంది. యాంప్‌లో ఫోనో ఇన్‌పుట్ వాడితే ఆ స్విచ్ ఫోనోలో ఉండాలి, ఆక్స్ లాంటి మామూలు ఇన్‌పుట్ వాడితే లైన్‌లో ఉండాలి. అంతే.

టర్న్‌టేబుల్ నుంచి రెండు సిగ్నల్ కేబుళ్లతో పాటు చివర కొక్కెం ఉన్న సన్నటి వైరు ఒకటి వస్తే, దాన్ని ఫోనో ఇన్‌పుట్ పక్కనే ఉండే జీఎన్‌డీ (గ్రౌండ్) అన్న మరకి బిగించండి. వదిలేస్తే హమ్ ఖాయం, మిల్లీవోల్టుల సిగ్నల్ కాబట్టి చిన్న కలుషితం కూడా వంద రెట్లు పెరిగే బయటికి వస్తుంది.

ఇక లోడింగ్, అంటే కార్ట్రిడ్జ్‌కి ఎదురుగా ఉండే నిరోధం, కెపాసిటెన్స్. ఎంఎం కార్ట్రిడ్జ్‌లకి 47 కిలో ఓమ్‌ల లోడ్ దాదాపు అందరూ పాటించే ప్రమాణం, దాని గురించి ఆలోచించక్కర్లేదు. ఆలోచించాల్సింది కెపాసిటెన్స్ గురించి. కార్ట్రిడ్జ్ కాగితంలో 100 నుంచి 200 పికోఫారాడ్‌లు అని రాసి ఉండి, మీ ఫోనో స్టేజ్ లోపల 200, టర్న్‌టేబుల్ కేబుల్ వల్ల ఇంకో 150 కలిస్తే మొత్తం 350 అవుతుంది. అప్పుడు ట్రెబుల్‌లో ఒకచోట గుట్టలాగా లేచి ఆ పైన తొందరగా పడిపోతుంది, 'స', 'ష' శబ్దాలు చెవిని గుచ్చుతాయి. కార్ట్రిడ్జ్‌ని తిట్టుకునే ముందు ఫోనో స్టేజ్ అడుగున చిన్న డిప్ స్విచ్‌లు ఉన్నాయేమో చూసి, కెపాసిటెన్స్‌ని తక్కువ స్థానంలోకి నెట్టి వినండి. ఎంసీకి అయితే కాయిల్ నిరోధానికి కనీసం పది రెట్ల లోడ్ పెట్టుకుంటే చాలు, 10 ఓమ్‌ల కాయిల్‌కి 100 ఓమ్‌లు, ఆ పైన మీ చెవి.

వాల్యూమ్ నాబ్ వెనక

నా దృష్టిలో ప్రీయాంప్‌లో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే, అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేదీ ఇదే. మామూలు నాబ్ వెనక ఉండేది పొటెన్షియోమీటర్, పొట్టిగా పాట్: నిరోధం ఉన్న ఒక పట్టీ, దాని మీద జారే ఒక కొన. స్టీరియో కాబట్టి ఒకే కడ్డీ మీద అలాంటివి రెండు ఉంటాయి, ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. ఈ రెండు పట్టీలూ అచ్చంగా ఒకేలా ఉండవు, ఆ తేడా తిప్పుడు మొదట్లో, అంటే సౌండ్ బాగా తక్కువగా ఉన్నప్పుడు, ఎక్కువగా బయటపడుతుంది. అక్కడ రెండు చానెళ్ల మధ్య రెండు మూడు డెసిబెల్స్ తేడా రావడం సాధారణం. గెయిన్ ఎక్కువున్న సిస్టమ్‌లో మీరు రోజూ వినేది సరిగ్గా ఆ ముక్కలోనే.

పరీక్షించడం సులువు. మోనో రికార్డింగ్ ఏదైనా, లేదా ఒకే గొంతు నడిమధ్య నుంచి వినిపించే పాట పెట్టండి. మామూలుగా వినే సౌండ్‌లో గొంతు రెండు స్పీకర్ల మధ్య ఎక్కడ నిలబడిందో చూసుకోండి. తర్వాత ఇంట్లో వాళ్లు పడుకున్నాక వినేంత చిన్నగా తగ్గించండి. గొంతు ఒక పక్కకి జారిపోతుంటే పాట్ సమస్య. ఇంకా తగ్గిస్తే ఒక చానెల్ ముందే ఆగిపోయి ఇంకోటి మాత్రమే పాడుతుంటే మరీ స్పష్టం.

దీనికి ఖరీదైన మందు స్టెప్డ్ అటెన్యుయేటర్ లేదా రిలే వాల్యూమ్ ఉన్న ప్రీయాంప్. వాటిలో పట్టీ ఉండదు, కొలిచి పెట్టిన రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి ఏ స్థానంలోనైనా రెండు చానెళ్లూ కలిసే నడుస్తాయి. చవకైన మందు, నేను ముందు ప్రయత్నించమని చెప్పేది, ప్రీయాంప్‌కీ పవర్ యాంప్‌కీ మధ్య 10 డెసిబెల్స్ ఇన్‌లైన్ అటెన్యుయేటర్ జత. మామూలు స్టీరియో కేబుళ్ల చివర ఉండే ఆర్సీఏ ప్లగ్గంత ఉంటాయి, తగిలించడమే పని. దీంతో నాబ్ తిప్పుడు మధ్యకి వస్తుంది, అక్కడ చానెళ్లు బాగా కలుస్తాయి, పైగా ప్రీయాంప్ సొంత నాయిస్ కూడా ఆ 10 డెసిబెల్స్ తగ్గిపోతుంది. సోర్స్‌కీ ప్రీయాంప్‌కీ మధ్య పెడితే నాబ్ సంగతి బాగుపడుతుంది కానీ నాయిస్ లాభం రాదు, అందుకే పవర్ యాంప్ వైపే పెట్టుకోండి. పవర్ యాంప్ మీదే గెయిన్ తగ్గించే స్విచ్ ఉంటే అది వాడండి, ఇంక అటెన్యుయేటర్ కూడా అక్కర్లేదు.

డిజిటల్ వాల్యూమ్ అంటే బిట్లు పోతాయన్న టెన్షన్ చాలామందికి ఉంది. లెక్క ఏమిటంటే ప్రతి 6 డెసిబెల్స్ తగ్గింపుకి ఒక బిట్ ఖర్చవుతుంది. 24 బిట్ల డాక్‌లో 30 డెసిబెల్స్ తగ్గిస్తే ఐదు బిట్లు పోయి 19 మిగులుతాయి, సీడీలో ఉన్నవి 16 మాత్రమే. కాబట్టి సంగీతం కోసుకుపోదు. నిజమైన పరిమితి వేరే చోట ఉంది: డిజిటల్‌గా తగ్గించినప్పుడు డాక్ అనలాగ్ భాగం నాయిస్ తగ్గదు, అది ఉన్నంతా అలాగే పవర్ యాంప్‌కి వెళ్తుంది. పాట ఆపి, చెవి ట్వీటర్ దగ్గర పెట్టి వినండి. జానెడు దూరం నుంచి సరసర వినిపించకపోతే మీ సిస్టమ్‌లో అది సమస్యే కాదు.

పక్కనే ఉండే టోన్ కంట్రోల్స్, లౌడ్‌నెస్ బటన్ గురించి ఒక మాట. చిన్న సౌండ్‌లో మన చెవికి బేస్ తక్కువగా వినిపిస్తుంది, దీన్ని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. లౌడ్‌నెస్ బటన్ పెట్టింది ఆ లోటు పూడ్చడానికే. రాత్రిపూట చిన్నగా వినేవాళ్లకి అది నిజంగా పనికొచ్చే బటన్, దాన్ని నొక్కడం నామోషీ అనుకోకండి.

పది రెట్ల లెక్క

ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) అనగానే చాలామంది పేజీ తిప్పేస్తారు, కానీ ఇంటి స్టీరియోకి కావలసింది ఒక్క సూత్రమే: పంపించే పెట్టె అవుట్‌పుట్ ఇంపీడెన్స్ కంటే అందుకునే పెట్టె ఇన్‌పుట్ ఇంపీడెన్స్ కనీసం పది రెట్లు ఉండాలి. ప్రీయాంప్ అవుట్‌పుట్ 100 ఓమ్‌లు, పవర్ యాంప్ ఇన్‌పుట్ 47 కిలో ఓమ్‌లు అయితే ఇంక చూడక్కర్లేదు. 1 కిలో ఓమ్ నుంచి 10 కిలో ఓమ్‌లలోకి వెళ్లినా పోయేది 0.8 డెసిబెల్ పైచిలుకే, నాబ్ వెంట్రుకవాసి తిప్పితే వచ్చేస్తుంది.

చిక్కు వచ్చేది రెండు చోట్ల. ఒకటి ప్యాసివ్ ప్రీయాంప్‌లు, అంటే లోపల సెలెక్టర్, పాట్ తప్ప కరెంటే లేనివి. వీటికి అవుట్‌పుట్ ఇంపీడెన్స్ వాల్యూమ్‌తో పాటు మారుతుంటుంది, వోల్టేజ్ సగానికి తగ్గే స్థానంలో అది అన్నిటికంటే ఎక్కువ, పాట్ విలువలో నాలుగో వంతు. 100 కిలో ఓమ్‌ల పాట్ అయితే 25 కిలో ఓమ్‌లు. మామూలు కేబుల్‌కి మీటరుకి 100 పికోఫారాడ్‌ల చొప్పున, 5 మీటర్ల కేబుల్ వేస్తే 500 పికోఫారాడ్‌లు, ఆ రెండూ కలిసి 13 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ కోసేస్తాయి. సౌండ్ ఇంకా తగ్గిస్తే ఈ నష్టం తగ్గుతుంది నిజమే, కానీ నాబ్ తిప్పినప్పుడల్లా ట్రెబుల్ మారిపోయే పెట్టె ఎందుకు? అదే 10 కిలో ఓమ్‌ల పాట్‌తో ఆ కోత 127 కిలోహెర్ట్జ్‌కి వెళ్లిపోతుంది, దాని గురించి మర్చిపోవచ్చు. కాబట్టి ప్యాసివ్ తీసుకుంటే 10 కిలో ఓమ్‌లది తీసుకోండి, కేబుల్ మీటరు లోపు ఉంచండి, సోర్స్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ వెయ్యి ఓమ్‌ల లోపు ఉందో లేదో చూడండి. ఈ మూడూ కుదిరితే ప్యాసివ్ చాలా శుభ్రంగా పాడుతుంది, దాన్ని తక్కువగా చూడక్కర్లేదు.

రెండోది ట్యూబ్ ప్రీయాంప్, అంటే ట్రాన్సిస్టర్లకి బదులు గాజు వాక్యూమ్ ట్యూబులు వాడేది. వీటి అవుట్‌పుట్ దగ్గర డీసీని ఆపడానికి ఒక కెపాసిటర్ ఉంటుంది, అది పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్‌తో కలిసి బేస్ ఎక్కడ తెగాలో నిర్ణయిస్తుంది. 1 మైక్రోఫారాడ్ కెపాసిటర్‌కి ఎదురుగా 47 కిలో ఓమ్‌లు ఉంటే 3.4 హెర్ట్జ్, ఏ బాధా లేదు. అదే పవర్ యాంప్ 10 కిలో ఓమ్‌లదైతే 16 హెర్ట్జ్, అంటే 30 హెర్ట్జ్ దగ్గరే 1 డెసిబెల్ పోవడం మొదలు. "ట్యూబ్ అంటే బేస్ మెత్తగానే ఉంటుంది" అని సరిపెట్టుకునే ముందు ఈ జత కుదిరిందో లేదో చూసుకోండి. ట్యూబా ట్రాన్సిస్టరా అన్న వాదనలోకి నేను వెళ్లను, రెండిట్లోనూ మంచివి ఉన్నాయి. 12ఏఎక్స్7, 12ఏయూ7 లాంటి ట్యూబులు దొరుకుతూనే ఉన్నాయి, ఎప్పుడో ఒకప్పుడు మార్చుకోవాల్సి వస్తుందని, వేడెక్కడానికి కాసేపు ఆగాలని తెలిసి కొనుక్కుంటే చాలు.

ఎక్స్ఎల్ఆర్ అనే మూడు పిన్నుల సాకెట్లు రెండు వైపులా ఉంటే వాడండి, పొడవు కేబుల్ అయితే తప్పకుండా వాడండి. దారిలో పట్టుకున్న హమ్‌ని అవి అవతలి చివర చాలావరకు కొట్టేస్తాయి. సిగ్నల్ చాలా పెట్టెల్లో రెట్టింపు ఉంటుంది కాబట్టి సౌండ్ పెద్దగా వినిపించడాన్ని క్వాలిటీ పెరగడం అనుకోకండి. మీటరు లోపు కేబుల్ అయితే ఆర్సీఏతో ఏ ఇబ్బందీ ఉండదు.

తగిలించేటప్పుడు

అన్నీ ఆఫ్ చేసి మొదలుపెట్టండి. ఆర్సీఏ ప్లగ్‌లో మధ్య పిన్ను ముందు తగిలి, చుట్టూ ఉండే గ్రౌండ్ తర్వాత తగులుతుంది, యాంప్ ఆన్‌లో ఉండగా పెట్టినా తీసినా ఆ క్షణంలో భళ్లుమని శబ్దం వస్తుంది, వూఫర్ కోన్ ఎగిరిపడుతుంది.

ప్రీయాంప్ వెనక 'ప్రీ అవుట్' పక్కనే 'రెక్ అవుట్' లేదా 'టేప్ అవుట్' కూడా ఉండొచ్చు. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, కానీ రెక్ అవుట్‌కి వాల్యూమ్ కంట్రోల్‌తో సంబంధం లేదు, పూర్తి సిగ్నల్ వస్తుంది. పవర్ యాంప్‌ని పొరపాటున దానికి కలిపితే మొదట్లో చెప్పిన 56 వోల్టుల కథే. సాకెట్ మీది అక్షరాలు వేలు పెట్టి చదివి మరీ తగిలించండి. హోమ్ థియేటర్ బైపాస్ అన్న ఇన్‌పుట్ కూడా ఇలాంటిదే, దానికి ఏవీ రిసీవర్ ప్రీ అవుట్ తప్ప సీడీ ప్లేయర్ లాంటి సోర్స్ ఏదీ కలపకూడదు.

ఆన్ చేసేటప్పుడు సోర్స్, ప్రీయాంప్ ముందు, పవర్ యాంప్ ఆఖర్న. ఆఫ్ చేసేటప్పుడు పవర్ యాంప్ ముందు. ప్రీయాంప్ ఆన్ ఆఫ్ అయినప్పుడు వచ్చే దబ్బుమనే కుదుపు స్పీకర్ల దాకా చేరకుండా ఉండాలంటే ఈ వరస తప్పకూడదు.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది

హమ్‌గానీ సరసరగానీ వస్తే పెట్టెలు మార్చడం మొదలుపెట్టకండి, ఒక్క నాబ్‌తో సగం విషయం తేలిపోతుంది. పాట ఆపేసి వాల్యూమ్ మెల్లగా పెంచండి. చప్పుడు దాంతోపాటే పెరిగితే, అది వాల్యూమ్ కంట్రోల్ కంటే ముందున్న దాని నుంచి, అంటే సోర్స్ నుంచో దాని కేబుల్ నుంచో వస్తోంది. ఏమీ తగిలించని ఇన్‌పుట్‌కి సెలెక్టర్ తిప్పి చూడండి, పోతే సోర్స్ వైపే తప్పు. వాల్యూమ్ ఎంత తిప్పినా చప్పుడు మారకపోతే, అది వాల్యూమ్ తర్వాతి భాగంలోది. అన్నీ ఆఫ్ చేసి, ప్రీయాంప్ నుంచి పవర్ యాంప్‌కి వెళ్లే కేబుళ్లు పవర్ యాంప్ వైపు పీకేసి, పవర్ యాంప్ ఒక్కదాన్నే ఆన్ చేయండి. నిశ్శబ్దమైతే తప్పు ప్రీయాంప్‌దో ఆ రెండిటి మధ్య గ్రౌండ్ లూప్‌దో (పెట్టెల గ్రౌండ్‌లు ఒకటికి మించిన దారుల్లో కలిసి ఏర్పడే చుట్టు). ఇంకా వస్తుంటే పవర్ యాంప్‌దే.

శబ్దం స్వభావం కూడా చాలా చెప్తుంది. ఎడతెగని మంద్రమైన హమ్ మెయిన్స్ కరెంటు నుంచి, అంటే మీ దేశాన్ని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్, దాని రెట్టింపు. కంప్యూటరో కేబుల్ టీవీ పెట్టో కలపగానే హమ్ మొదలైతే గ్రౌండ్ లూప్ అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు, అన్ని పెట్టెల్నీ ఒకే పవర్ స్ట్రిప్ నుంచి నడిపి చూడండి, కుదిరితే కంప్యూటర్ నుంచి డాక్‌కి ఆప్టికల్ కేబుల్ వాడండి, గాజు లేదా ప్లాస్టిక్ తీగలో కరెంటు పారదు కాబట్టి లూప్ అక్కడే తెగిపోతుంది. హమ్ పోగొట్టడానికి ప్లగ్ ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి, అది మీ ప్రాణానికి రక్షణ. నాబ్ తిప్పేటప్పుడు మాత్రమే కరకరలాడితే పాట్‌లో దుమ్ము, ప్లగ్ పీకేసి, కాసేపు ఆగి, కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క కొట్టి నాబ్‌ని ఆ కొస నుంచి ఈ కొసకి చాలాసార్లు తిప్పితే ఎక్కువసార్లు పోతుంది. క్లీనర్ కొట్టినా పోకపోతే పాట్‌లోకి డీసీ వస్తోందేమో టెక్నీషియన్‌తో చూపించాలి, అది కెపాసిటర్ చెడిపోయిన లక్షణం.

రెండిట్లో ఏది బాగుందో వినేటప్పుడు

రెండు ప్రీయాంప్‌లు పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు సౌండ్ స్థాయి కలపకుండా పోలిస్తే ఆ శ్రమంతా వృథా. అర డెసిబెల్ ఎక్కువున్నది కూడా చెవికి పెద్దదిగా అనిపించదు, "స్పష్టంగా, జీవంతో" ఉన్నట్టు అనిపిస్తుంది. 100 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ఒకటి ప్లే చేసి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టి కొలవండి (చవక మీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో సరిగ్గా చూపించవు, అందుకే 100). మొదటి ప్రీయాంప్‌తో ఎంత వచ్చిందో రాసుకుని, రెండోదాని నాబ్‌ని అదే అంకె వచ్చేదాకా తిప్పండి. తేడా ఒక శాతం లోపు ఉంటే దాదాపు 0.1 డెసిబెల్ లోపు కలిసినట్టే. ప్రోబ్‌లు పట్టుకున్నప్పుడు రెండూ ఒకదానికొకటి తగలనివ్వకండి, యాంప్ అవుట్‌పుట్ షార్ట్ అవుతుంది. ఇలా కలిపాక మీకు బాగా తెలిసిన పాట పెట్టుకుని, పెట్టెలు మార్చే పని ఇంకొకరికి అప్పగించి, ఏది నడుస్తోందో చెప్పొద్దని చెప్పి వినండి. తేడా వినిపిస్తే అది నిజమైన తేడా, దానికి డబ్బు పెట్టొచ్చు. వినిపించకపోతే నాబ్ చేతికి హాయిగా ఉన్నదీ, కావలసినన్ని ఇన్‌పుట్లు, రిమోట్ ఉన్నదీ తీసుకోండి.